ఇంటి ఫోటోలు - చౌక స్కానరు

గత మాసమున మన సంఘ కార్యవర్గ సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చినది. సభ్యుల యిండ్లలోని పాత ఫోటోలను కంప్యూటరులో భద్రపఱచుటకై విరాళములు వసూలు చేసి, ఒక పెద్ద స్కానరును కొని, సంఘ భవనమున నుంచవలెనని దాని సారాంశము. ఉద్దేశము మంచిదే. అయినను నేను దానిని వ్యతిరేకించితిని. "వర్తకుడు గదా, ఖర్చనగానే చేయి వెనుకకు పోవును" అని ఒక మిత్రుడు పరిహసించెను. అందఱును నవ్విరి, నేనును నవ్వితిని. ఆనాడు వివరించుటకు వ్యవధి లేకపోయినది గావున, బరంపురములోని మన తెలుగు కుటుంబముల యెదుట నా కారణములను ఈ పత్రికాముఖమున ఉంచుచున్నాను.

రెండేండ్ల క్రిందట నేను ఆఱువేల రూపాయలకు లోపుగా ఒక చిన్న స్కానరును కొంటిని. అది బడిపిల్లల పలకవలె పలుచనిది. కంప్యూటరునుండి వచ్చు తీగయే దానికి విద్యుత్తును గూడ అందించును. కొన్న నాటినుండి అది మా యింట నున్నది తక్కువ, ఇరుగుపొరుగు తెలుగువారి యిండ్లలో నున్నది ఎక్కువ. ఇంచుమించు ఇరువది కుటుంబములవారు దానిని వాడి, మెచ్చుకోళ్లతోపాటు ఫిర్యాదులను గూడ నాకు ముట్టజెప్పిరి. కావున నేను వ్రాయునది నా యొక్కని యనుభవము కాదు.

మొదటి ఫిర్యాదు, బొమ్మ మసకగా వచ్చుచున్నదని. పోయి చూడగా, గోడమీది పటమును గాజుతో సహా యంత్రముపై బోర్లించియున్నారు! ఇట్టి చౌక యంత్రములోని కన్ను తన గాజుపలకకు ఆనుకొనియున్న దానినే స్పష్టముగా చూడగలదు. రెండు మూడు మిల్లీమీటర్ల ఎడమున్నను మసకయే. ఖరీదైన యంత్రములలో అద్దములు, కటకము గల వేఱొక యేర్పాటుండును గనుక అవి కొంత లోతువఱకు చూడగలవు. చుట్టుకొనిపోయిన ఫోటోలను కొన్ని దినములు బరువైన పుస్తకముల క్రింద నుంచినచో చాలవఱకు చదునగును. పటము గాజుకు అంటుకొనిపోయిన ఫోటోను మాత్రము ఎవరును ఊడదీయరాదు. బొమ్మ గల పొర గాజుతోనే యుండి, తెల్లకాగితము చేతికి వచ్చును. అట్టిదానిని కిటికీ ప్రక్క నిలిపి, గాజుమీద మన నీడ పడకుండ వెనుక నల్లని గుడ్డ పట్టించి, ఫోను కెమెరాతో తీసికొనుటయే మేలు.

రెండవది, పెట్టెమీది అంకెల మోజు. యంత్రము నిజముగా చూడగల చుక్కలెన్ని, గణితముచే కల్పించి చేర్చు చుక్కలెన్ని అను భేదమును అమ్మువారు చెప్పరు. పాలలో నీళ్లు పోసిన కొలత పెరుగును గాని వెన్న పెరుగదు. మన ఫోటోలకు అంగుళమునకు 600 చుక్కలు చాలును. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల ఫోటోకు ఆ లెక్కన 86 లక్షల చుక్కలు వచ్చును. దానిని రెండింతలు పెద్దదిగా అచ్చు వేయించినను చెడదు. మా వీథి కుఱ్ఱవాడొకడు 4800 పెట్టి, "ఉన్నప్పుడు వాడుకోవద్దా మావయ్యా!" అనెను. ఒక్క ఫోటోయే ఒకటిన్నర గిగాబైట్లకు మించినది. వాని కంప్యూటరు ఆ రాత్రి మఱి లేవలేదు.

ఒక కుటుంబమువారు ఫోటోలను వరుసగా లోనికి లాగికొను మఱొక విధమైన స్కానరును బెంగుళూరునుండి తెప్పించిరి. వేగము మెచ్చదగినదే. కాని దాని సన్నని గాజుమీద ఒక్క ధూళికణము నిలిచినంత మాత్రమున ఆనాటి ఫోటోలన్నిటిమీదను పైనుండి క్రిందివఱకు ఒక గీత పడినది. పాత స్టూడియోలవారు దళసరి అట్టపై అతికించిన ఫోటోలు అందు దూరవు. దూర్చబోగా ఒక పెండ్లిఫోటో మూల విఱిగినది.

నెగెటివుల విషయమున ప్రతిపాదకుల మాట న్యాయమే. నా యంత్రము నెగెటివులను తీయలేదు. చౌకగా దొరకు నెగెటివు యంత్రములు 35 మిల్లీమీటర్ల పట్టీలకే తగినవి. మన పెద్దలు క్లిక్ కెమెరాతో తీసిన 6 సెంటీమీటర్ల చదరపు నెగెటివులు వానిలో పట్టవు. అయితే ఈ ఇరువది యిండ్లలోను నెగెటివులు దాచుకొన్నవి మూడే. ఆ మూడిండ్లవారును ఏదేని మంచి స్టూడియోలో ఇచ్చి చేయించుకొనవచ్చును. అందుకై పెద్ద యంత్రమేల?

ఇంతవఱకు చెప్పినవన్నియు యంత్రము లోపములు. ఇక నా లోపమును చెప్పవలెను.

మా దుకాణపు మెట్లపై మా తాతగారును వారి ముగ్గురు అన్నదమ్ములును నిలిచిన ఫోటో యొకటి మా యింట కలదు. 1934లో తీసినది. అప్పటికి ఒడిషా రాష్ట్రమే లేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన అది ఏర్పడు వఱకు మన ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చేరియుండెను. ఆ ఫోటో వెనుక తాతగారు స్వహస్తముతో ఊరి పేరు, జిల్లా పేరు, సంవత్సరము, ఎడమనుండి కుడికి నలుగురి పేర్లు తెలుగున వ్రాసిరి. క్రొత్తగా కొన్న యుత్సాహమున నేను మొట్టమొదట స్కాను చేసినది దానినే. ముందువైపు దివ్యముగా వచ్చినది. తరువాత అసలు ఫోటోకు క్రొత్త పటము కట్టింపదలచి ఒక దుకాణమున నిచ్చితిని. వారు దానిని చెక్కపలకకు జిగురుతో నిండుగా అతికించి, పైన గాజు బిగించి, చక్కగా తళతళలాడించి యిచ్చిరి. వారి తప్పేమియు లేదు, నేను చెప్పలేదు. వెనుక వ్రాత ఆ జిగురులో కలిసిపోయినది. నలుగురి పేర్లును నాకు జ్ఞాపకమున్నవి. కాని నడుమ నిలిచిన యిద్దఱిలో ఎవరెవరో చెప్పలేను. మా అమ్మ కోడలుగా వచ్చునప్పటికే వారిద్దఱును గతించిరి. మా పిల్లలను బడిలో "మీరెప్పుడు ఇక్కడికి వచ్చారు?" అని తోడి పిల్లలడుగుచుందురు. చూపుటకు మా యింటనున్న కాగితము అదొక్కటే.

అప్పటినుండి నా యంత్రమును తీసికొనిపోవువారికి ఒక్కటే షరతు పెట్టితిని. ముందు వెనుకవైపు, తరువాత ముఖము. రెంటికిని ఒకే సంఖ్య వేసి, 17-వెనుక, 17-ముందు అని పేరు పెట్టవలెను. మన యిండ్లలోని ఫోటోల వెనుక నున్నది చిన్న వ్రాత కాదు. పెండ్లిసంబంధములకై పంపిన పిల్ల ఫోటో వెనుక గోత్రము, నక్షత్రము ఉండును. ఠాకురాణి యాత్రనాటి ఫోటో వెనుక సంవత్సరము ఉండును. కొన్నిటి వెనుక రంగూను స్టూడియోల ముద్రలున్నవి. 1942లో బర్మా విడిచి వచ్చిన కుటుంబములు మన పేటలలో ఇప్పటికిని కలవు గదా.

అట్టి యొక యింటికి ఈ వేసవిలో నేనే స్కానరును తీసికొనిపోయితిని. ఎనుబదేండ్లు దాటిన పెద్దమ్మగారు మంచముమీద కూర్చుండిరి. యంత్రము నడుపువాడు ఆమె మనుమడు, ఇంజనీరింగు చదివినవాడు. ఫోటో వెనుకకు త్రిప్పి చూచి ఊరకుండెను. ఒడియా, ఇంగ్లీషు చదువగలడు గాని తెలుగు అక్షరములు వానికి రావు. పెద్దమ్మగారికి అక్షరములు వచ్చును, చూపు లేదు. నేను చదివితిని. ఒక పేరు వినగానే ఆమె, "ఆ చివర నిల్చున్న పిల్ల ఎవరనుకున్నావు బాబూ? మా అక్క. రంగూన్లోనే పుట్టింది. నేను పుట్టింది వీళ్లంతా ఇక్కడికి వచ్చేశాకే" అనిరి. ఆ కుఱ్ఱవానికి తన మామ్మకు ఒక అక్క యున్నదనియే ఆ దినమువఱకు తెలియదు. ఆ పూట మేము తీసినవి పదునొకండు ఫోటోలే. పనియంతయు ఆమె చెప్పుటలోను, మేము వ్రాసికొనుటలోను జరిగినది.

పెద్ద స్కానరును సంఘ భవనపు మేడమీద నుంచినచో ఆ పెద్దమ్మగారు మెట్లెక్కి రాగలరా? గోడమీది పటమును విప్పి, సంచిలో వేసికొని బజారుగుండ తెచ్చుటకు ఎందఱిండ్లలో ఆడవారు ఒప్పుకొందురు? ఎవరో కుఱ్ఱవాడు ఫోటోలు మాత్రము తెచ్చి, ముఖములు మాత్రము తీయించుకొని పోవును. పేర్లు చెప్పువారు ఇంటనే ఉండిపోదురు.

కావున నా సూచన యిది. పెద్ద యంత్రమునకు అనుకొన్న సొమ్ములో కొంత భాగముతో మూడు చిన్న స్కానరులు కొని, పేటకొకటి చొప్పున ఇంటింటికి త్రిప్పవలెను. ప్రతి యంత్రముతోడను ఇద్దఱు పోవలెను. ఒకరు కంప్యూటరు తెలిసిన యువకుడో యువతియో, ఒకరు తెలుగు ధారాళముగా చదివి వ్రాయగలవారు. ఎనుబది దాటిన పెద్దలున్న యిండ్లకు ముందు పోవలెను. రంగు వెలిసి ఎఱ్ఱబాఱిన 1970, 80ల నాటి ఫోటోలను సరిదిద్దుట పిదప తీరికగా చేసికొనవచ్చును. సరిదిద్దినను, మొదట తీసినదానిని మార్పు లేకుండ వేఱుగా నుంచవలెను. ప్రతి కుటుంబపు ఫోటోలును వారి యింటనొకటి, బంధువుల యింటనొకటి, రెండు చోట్ల నుండవలెను. సంఘమునకు ప్రతి యిచ్చుట వారి యిష్టము.

వచ్చు సమావేశమున ఈ విషయమై మరల చర్చ జరుగును. అంతవఱకు నా స్కానరు దుకాణమున గల్లా ప్రక్కన నున్నది. కావలసినవారు తీసికొనిపోవచ్చును. తిరిగి తెచ్చునప్పుడు తీగను గూడ తేవలెను. క్రిందటిసారి తీగ రాలేదు.