23 పరుగుల ఖరీదెంత?

సినిమాలో హీరోకి దెబ్బ తగిలితే మనకేం బెంగ ఉండదు. ఆఖరి రీళ్లలో తలకు కట్టుతో లేచి నిలబడతాడని టిక్కెట్టు కొన్నప్పుడే తెలుసు. కట్టు మీద ఎర్రరంగు ఎక్కువైతే మేకప్ వాళ్లను నాలుగు తిట్టుకుంటాం, అంతే! మరి దెబ్బ నిజమైనదైతే? 1982 జూలైలో బెంగుళూరులో ‘కూలీ’ షూటింగు. ఫైటు సీనులో అమితాబ్ బచ్చన్‌కి పొట్టలో దెబ్బ తగిలి ప్రాణం మీదికి వచ్చింది. 1983లో సినిమా విడుదలైనప్పుడు ఆ దెబ్బ తగిలిన చోట బొమ్మను ఆపి, అక్షరాలు వేసి మరీ చూపించారు. ఆ ఒక్క ఫ్రేములో నటన లేదు.

ఆటలో ప్రతి ఫ్రేమూ అలాంటిదే. రీటేకు లేదు, డూపు లేడు. అందుకే దెబ్బ తిన్న ఆటగాడి గురించి అభిమానులు వాదించుకుంటూ ఉంటే నేను కదలకుండా వింటాను.

ఈమధ్య గుమ్మఘట్టలో ఒక టీ అంగడి దగ్గర అలాంటి వాదనే విన్నాను. రాయదుర్గం దాటి పోతే వస్తుంది ఆ ఊరు. అటు కర్ణాటక సరిహద్దు, ఇటు శెనక్కాయ చేలు. ఆ ప్రాంతంలోనే వేదవతి మీద కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అది నిండుగా కనబడిన ఏళ్లు తక్కువ. అక్కడి కుర్రకారుకు బెంగుళూరు జట్టంటే ప్రాణం. కానీ ఆ రోజు గొడవ మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి గురించి!

“161 బాల్స్ ఆడి 23 రన్నులా! మా అవ్వ కూడా కొడుతుందప్పా!” అన్నాడొకడు.

“రేయ్, కాలు ఈడ్చుకుంటా ఆడినాడ్రా! కాలికి ముల్లు గుచ్చుకుంటే నువ్వు మూడు దినాలు కాలేజీకి పోవు!” అన్నాడు రెండోవాడు.

“సరేలే. దెబ్బ తగిలింది, ముగిసిపాయ. ఇంక టీమిండియాలోకి వచ్చేదుందా?”

తెలియని పాఠకుల కోసం కథ చెప్పాలి. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. గెలవాలంటే మనవాళ్లు 407 కొట్టాలి. పంత్ 97 కొట్టి పోయాడు, పుజారా 77 చేసి పోయాడు. 272కి 5 వికెట్లు. విహారికి తొడ వెనక కండరం పట్టేసింది. పరిగెత్తలేడు. తోడుగా వచ్చిన అశ్విన్‌కి నడుంనొప్పి. ఈ ఇద్దరూ కలిసి ఇంకో వికెట్టు పడకుండా సాయంత్రం దాకా నిలబడ్డారు. స్కోరు 334కి 5. మ్యాచి డ్రా. విహారివి 23, అశ్విన్‌వి 39.

అప్పట్లో కేంద్రంలో సహాయమంత్రిగా ఉన్న బాబుల్ సుప్రియో ఊరుకోలేదు. ఈయన జిడ్డు ఆటతో గెలిచే అవకాశాన్ని, క్రికెట్‌నీ చంపేశాడని రాశారు. పేరేమో ‘బిహారి’ అని రాశారు. విహారి వాదించలేదు, తిట్టలేదు. ‘హనుమ విహారి’ అని పేరు మాత్రం దిద్ది ఊరుకున్నాడు. మాటల రచయితలకు కూడా ఇంత పొట్టి డైలాగు తట్టదండీ!

ఇక ఖరీదు సంగతి. ఆ కాలితో విహారి తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. అక్కడ మనవాళ్లు గెలిచి సిరీస్ 2-1తో పట్టుకొచ్చారు. సిడ్నీలో ఓడి ఉంటే ఆ గెలుపు సిరీస్‌ను సమం చేసేదే తప్ప చేతికిచ్చేది కాదు. మళ్లీ టెస్టు ఆడటానికి అతనికి దాదాపు ఏడాది పట్టింది. 2022 జనవరిలో జోహాన్నెస్‌బర్గ్‌లో కోహ్లీకి వీపు పట్టేస్తే ఆ చోటు దొరికింది. ఆ జూలైలో ఎడ్జ్‌బాస్టన్ తర్వాత పిలుపు రాలేదు. మొత్తం 16 టెస్టులు, 839 పరుగులు, ఒక్క సెంచరీ, సగటు 33.56.

“ఆ సగటుకు ఎవడిస్తాడన్నా చోటు?” అని మొదటివాడు నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన అందుకున్నాడు. “ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు పడిందనేది ఆఫీసోళ్ల లెక్క నాయనా. శెనక్కాయకు ఊడలు దిగే యాళకు ఒక్క పదును పడిందా ల్యాదా, అది మన లెక్క.”

ఇంతకన్నా బాగా చెప్పిన క్రికెట్ పండితుణ్ణి నేను చదవలేదు. సగటు అబద్ధం కాదు. పదేళ్ల పంటకు అది కావాల్సిందే. కానీ ఆ ఒక్క రోజు ఆ 23 పరుగులు అదునుకు పడిన వాన.

అయితే ఈ కథకు రెండో భాగం ఉంది. 2023 జనవరి ఆఖర్లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. అవేశ్ ఖాన్ బంతికి ఆంధ్రా కెప్టెన్ విహారి ఎడమ మణికట్టు విరిగింది. 16 దగ్గర వెళ్లిపోయాడు. మర్నాడు చివరి ఆటగాడిగా మళ్లీ వచ్చాడు. విరిగిన చెయ్యి వెనక్కి పోయేలా ఎడమవాటంగా నిలబడి, దాదాపు కుడిచేత్తోనే ఆడి 27 దాకా లాగాడు. రెండో ఇన్నింగ్స్‌లో అందరూ కలిసి 93కే కూలిపోతే, అలాగే వచ్చి 15 కొట్టాడు. అయినా మధ్యప్రదేశ్ 5 వికెట్లతో గెలిచింది. వాన పడింది, పంట మాత్రం రాలేదు.

ఏడాది తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, కెప్టెన్సీ గొడవలో ఆంధ్రాకు ఇక ఆడనని ప్రకటించాడు. ఆ ప్రకటనలో తాను ఎడమవాటంగా ఆడిన సంగతి తానే గుర్తు చేయాల్సి వచ్చింది. తర్వాత తిరిగి వచ్చాడు, 2025లో త్రిపురకు వెళ్లాడు. కట్టు చూసి చప్పట్లు కొట్టిన చేతులు కట్టు విప్పేలోగా అలిసిపోతాయని మనకు తెలియనిదా?

అంగడి దగ్గర మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఒక కుర్రాడు మాటాడకుండా కూర్చున్నాడు. వాళ్ల జట్టులో ఫాస్ట్ బౌలరట. ఆదివారం పందెం మ్యాచి. “విహారిని చూసి నేర్చుకో, ఓర్చుకుని వెయ్యి” అని మిత్రులు వాడి వెంట పడ్డారు. అంతసేపూ విహారిని వెక్కిరించినవాడు కూడా! నాకు గుండె కలుక్కుమంది. “రావాలో వద్దో ఆ మోకాలినీ, డాక్టరునీ అడగనివ్వండి, మీరు కాదు” అన్నాను. వాడు మొదటిసారి తలెత్తి చూశాడు.

యువ పాఠకులారా! విహారి కుంటుతూ నిలబడ్డాడు కనుక గొప్ప అంటే, కుంటుతూ నిలబడని ప్రతివాడూ తక్కువనే కదా అర్థం? అది న్యాయం కాదు. దెబ్బ తిన్నవాడు తిరిగి వస్తే చప్పట్లు కొట్టండి. రాకపోతే తిట్టకండి. సినిమా హీరోకి కట్టు షూటింగ్ అయ్యాక విప్పేస్తారు. ఆటగాడి కట్టు కింద మాత్రం ఎముక అతికేదాకా ఎన్నో రాత్రులుంటాయి. ఆ రాత్రులకు టిక్కెట్లు అమ్మరు, మనం చూడం. ఖరీదు కట్టేటప్పుడు వాటినీ కలుపుకోండి. అప్పుడు చెప్పండి, 23 తక్కువో ఎక్కువో!