క్రొత్త గుమాస్తాను మూన తిరుగనిండు

వరి సేద్యము చేయు ప్రతి రైతునకును ఒక సంగతి తెలియును. నారుమడినుండి పెఱికి తెచ్చి నాటిన నారు మఱునాడే పైరు కాదు. ఆకు వాడి, తల వంచి, కొన్ని దినములు దిగులుగా నుండును. ఆ దినములలో రైతు మడిలో పలుచగా నీరు నిలిపి, మూన తిరుగువఱకు కనిపెట్టుకొని యుండును. చచ్చిన కుదుళ్లలో మరల నారు పెట్టును. "నాటితిమి గదా, ఇక నీ పాట్లు నీవు పడుము" అని విడిచిపోడు. మొక్కయెడ నింత యోర్పు చూపు మనము, మన సంఘమునకు క్రొత్తగా వచ్చిన గుమాస్తాయెడ నేల చూపకున్నాము? ఈ నెల సభ్యుల ముందు మేముంచదలచిన ప్రశ్న యిది.

పెక్కు సంఘములలో జరుగునది చూతము. పాత గుమాస్తా పని విరమించును. క్రొత్తవారు నియామకపు కాగితముతో వత్తురు. బీరువా తాళములు, చిట్టా ఆవర్జాలు, ఎరువుల గోదాము, వ్రేలిముద్ర యంత్రము అన్నియు నొక్క పూటలోనే వారి కప్పగింతురు. రెండుదినములకే యూరియా బస్తాలకై రైతులు బారులు తీరుదురు. యంత్రము మొరాయించును. "ఈ పిల్లవాని కేమి తెలియు"నని యొకరు, "పాతాయన యున్నపు డిట్లు లేద"ని మఱియొకరు. వచ్చినది స్త్రీయైనచో మాటలు మఱికొన్ని యెక్కువ. ఆనాటినుండి క్రొత్తవారు తెలియనిదానిని అడుగుటకే వెఱతురు. అడుగ వెఱచిన గుమాస్తా యూహించి వ్రాయును. ఊహించి వ్రాసిన లెక్క సంఘమునకు చేటు.

ఆ చేటు మోయువాడు సభ్యుడే. 3 లక్షల రూపాయలవఱకు పంట అప్పుపై వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులోపల తీర్చిన రైతునకు కేంద్ర ప్రభుత్వపు ప్రోత్సాహముగా 3 రూపాయలు తగ్గి 4 రూపాయలే పడును. సభ్యుడు గడువుకు ముందే సొమ్ము కట్టెను గాని, ఖాతాలో జమ గడువు దాటిన పిదప నెక్కె ననుకొందము. ఏడాది కాలపు లక్ష రూపాయల అప్పుపై 3,000 రూపాయల రాయితీ చిక్కున పడును. ధాన్యపు కొనుగోలు కేంద్రమందు నంతే. తేమ నూటికి 17 పాళ్లు మించరాదని నియమము. తేమ యంత్రమును సరిగా వాడుట నేర్వనివాడు అక్కడ కూర్చున్నచో, ఎండిన ధాన్యము తిరిగిపోవును, లేదా పచ్చి ధాన్యము మిల్లుకు పోయి తగవు తెచ్చును.

నేర్చుకొనవలసినవారు క్రొత్తవారు మాత్రమే కారు. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. ముప్పది యేండ్లు చిట్టా వ్రాసిన పెద్ద గుమాస్తాయు ఆ తెరముందు క్రొత్తవాడే. 1995వ సంవత్సరమున మాంచెస్టరు నగరమున అంతర్జాతీయ సహకార సమాఖ్య యంగీకరించిన యేడు సూత్రములలో అయిదవది విద్య, శిక్షణములను గూర్చినది. సభ్యులతోపాటు ఉద్యోగులకును శిక్షణ మిచ్చుట సంఘముల విధియని అది చెప్పుచున్నది. కావున ఇది దయాధర్మము కాదు, మన బాధ్యత.

చేయవలసినది కష్టమైనది కాదు. మొదటి వారమున సభ్యులను సమావేశపఱచి, క్రొత్తవారిని పేరుతో పరిచయము చేసి, వారి పనులేవో, అధికార మెంతవఱకో కాగితముపై వ్రాసి యీయవలెను. మొదటి నెల పాత గుమాస్తాను గాని, ప్రక్క సంఘమున ననుభవశాలిని గాని తోడుంచవలెను. సంప్రదించుటకు పాలకవర్గమున నొకరిని నియమింపవలెను. మూడవ నెలలోను ఆఱవ నెలలోను, తప్పులు పట్టుటకు గాక, ఏది తెలియకున్నదో తెలిసికొనుటకు వారితో కూర్చుండవలెను. పిదప ప్రతి ఉద్యోగిని, పాతవారితో సహా, ఏటేట కొన్నిదినములు జీతముతో శిక్షణమునకు పంపవలెను.

"నేర్పించినచో మంచి కొలువు చూచుకొని పోవును గదా" యని కొందఱందురు. పోవువారు కొందఱు పోవుదురు, అది నిజము. కాని నేర్పింపని వారు పోక నిలిచినచో కలుగు నష్ట మంతకంటె నెక్కువ. పైగా పోవుటకు కారణము చాలచోట్ల నేర్పు కాదు, నెలలు గడచినను చేతికి రాని జీతము. జీతము సకాలమున నీయని సంఘము అప్పు సకాలమున తీర్చుమని సభ్యు నే మొగముతో నడుగగలదు?

"నారు పోసినవాడు నీరు పోయడా" యని మనవారందురు. ఇక్కడ నారు పోసినవారము మనమే. నీరును మనమే పోయవలెను. సభ్యు లొక్కొక్కరు చేయగల పనియు కలదు. సొమ్ము కట్టినపుడెల్ల రసీదు నడుగుడు. అది గుమాస్తాపై అనుమానము కాదు, అతని లెక్కకు రక్ష. వరుస తప్పించి బస్తా యీయుమని కులమునో పక్షమునో చెప్పి యొత్తిడి చేయకుడు. తెలియదని చెప్పిన గుమాస్తాను ఎగతాళి చేయకుడు. తెలియనిది తెలియదనుట లెక్కలు వ్రాయువానికి మొదటి గుణము. రాబోవు మహాజనసభలో ఉద్యోగుల శిక్షణమునకై బడ్జెటులో కొంత మొత్తము ప్రత్యేకించుడని సభ్యు లొకరు ప్రతిపాదింప, ఇంకొకరు బలపఱచెదరు గాక యని మేము కోరుచున్నాము.