ఎండలో గుడ్డిదయ్యే తెర

కెమెరా కంపెనీల వాళ్ళను ఒక్కసారి మా పల్నాడు తీసుకొచ్చి, మార్చి మిట్టమధ్యాహ్నం మిర్చి కల్లంలో నిలబెట్టాలని నా కోరిక. చేతికి వాళ్ళ కెమెరానే ఇస్తాను. వెనక తెరలో మిరపకాయలు కనబడవు, వాళ్ళ ముక్కే కనబడుతుంది.

1995లో క్యాసియో క్యూవీ-10 వెనక తెరతో వచ్చినప్పుడు అదో వింత. పోనుపోనూ చిన్న కెమెరాల్లో కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ పీకేశారు, తెరే దిక్కయింది. షాపులో ట్యూబులైటు కింద అది నిగనిగలాడుతుంది. బయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, దాని ముందు ఆ తెర గుడ్డిదీపం. మా నాన్న స్టాండు కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకునేవాడు. ఆయన రెండు కళ్ళ యాషికా కెమెరాకు పైన మడత రేకులు, లోపల బుల్లి భూతద్దం ఉండేవి. వెలుతురును అడ్డుకోవాలన్న ఇంగితం ఆ కాలం వాళ్ళకుంది.

సరే, తిట్టుకుంటూ కూర్చుంటే పూట గడవదు. తెరకు ఎండ తగలకుండా, చెప్పుల అట్టపెట్టె కోసి రెండు గొట్టాలు చేశాను. అగ్గిపెట్టెలో అరలా ఒకదాంట్లో ఒకటి జారాలి. భూతద్దాన్ని గోడకెదురుగా పట్టి, కిటికీ బొమ్మ తలకిందులుగా తేటగా పడేదాకా జరిపితే, గోడకూ దానికీ మధ్య పది సెంటీమీటర్లొచ్చింది. దాన్ని గొట్టంలో బిగించి, తెరకూ అద్దానికీ మధ్య సుమారు అంతే దూరం ఉంచాను. బొమ్మ రెండున్నర రెట్లు కనబడుతుంది. నాకు చత్వారం, అయినా గొట్టం కాస్త జరిపితే కళ్ళజోడు అక్కర్లేదు. ముఖానికి ఆనుతుంది కాబట్టి చేతులూ వణకవు.

మొదట లోపల నున్నటి నల్లకాగితం అంటించి దెబ్బతిన్నాను, అదీ మెరిసింది. టైలరు దగ్గర నల్ల వెల్వెట్ ముక్కలు అడుక్కొచ్చి అంటించాక గానీ చీకటి కుదరలేదు. కెమెరాకు పట్టి ఉంచడానికి లంగా ఎలాస్టిక్. ఇంకో సంగతి, నాకు తగిలిన దెబ్బ: గొట్టం తీయకుండా కెమెరాను గోనెపట్టా మీద పెట్టి టీకెళ్ళాను. భూతద్దంలోంచి ఎండ దిగి తెర మీద మినపగింజంత మచ్చ వేసింది, ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి కన్ను పెట్టే కంతకు పాత ఫిల్మ్ రీలు డబ్బా మూత బిగిస్తున్నా.

కొనేవాళ్ళూ షాపు గుమ్మం దాటి ఎండలో చూసి డబ్బు కడితే, వ్యూఫైండర్ దానంతటదే తిరిగొస్తుందని నా నమ్మకం. మెడలో ఆ అట్టగొట్టంతో మొన్న కల్లానికి వెళితే ముసలి రైతొకాయన, "ఏందబ్బాయ్, బయస్కోపా?" అన్నాడు. చూడు తాతా అని అందించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఆ మూల తాలుకాయ పడిందిరా" అంటూ కెమెరా నా చేతిలో పెట్టి, ఏరడానికి వెళ్ళాడు.