నీరు త్రాగని ఇంజను

కడప మీదుగా పోవు మద్రాసు–బొంబాయి ఇనుపదారి 1871లో పూర్తియయ్యెను. నాటి ఆవిరియింజను, గ్రుక్కెడు నీటికి మొగము వాచిన సీమలో, దారిపొడవున నీరు త్రాగెడిది. డీసెలింజను ఆ దాహమును మాన్పెను గాని విదేశీ తైలమునకు మనలను లోబఱచెను. 1925లో బొంబాయిలో తొలుత నడచిన విద్యుద్రైలు నేడు మన ముంగిటికిని వచ్చినది. పొగయు లేదు, తైలమును అక్కఱలేదు. అయినను బొగ్గు మండించి పుట్టించు విద్యుత్తునకు మరల నీరు వలయును. ముద్దనూరు చెంతనున్న విద్యుత్కేంద్రమే సాక్షి. ఎండకు అంత నీటితో పనిలేదు. కర్నూలు సీమలో 2017లో వెలసిన 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము త్రోవ జూపుచున్నది. మన చేల నెండగట్టు సూర్యునిచేతనే మన బండ్లను లాగింపవలెను. భూములిచ్చిన పల్లెల యువకులకే ఆ పనులలో మొదటి హక్కుండవలెను. ఇది యాచన కాదు, న్యాయము.