అది చేపల బజారు వాసన కాదు



గత సంచికలో సెంట్ల వ్యాసం రాసినవారు ‘కెంజో పూర్ ఓమ్’ను ‘చేపల బజారు’ అంటూ ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. మనసు చివుక్కుమంది. నేను భీమిలి ఒడ్డున పెరిగినవాణ్ణి, చేపల బజారు వాసన నాకు తెలుసు. ఇది అది కాదు.

1991లో క్రిస్టియన్ మాత్యూ కూర్చిన సెంటు ఇది. ఆ తరం సముద్రపు సెంట్లకు ప్రాణం కాలోన్ అనే రసాయనం. దాన్ని 1966లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది కొందరి ముక్కుకు పుచ్చకాయలా, కొందరికి ఆల్చిప్పలా తగులుతుంది. తగువంతా అక్కడే.

మణికట్టు మీద చల్లిన తొలి పావుగంట నాకూ ఉప్పు, నాచు వాసనే వచ్చింది. (మా ఆవిడకు ఇప్పటికీ పడదు. ఆమెను తప్పుపట్టను.) తర్వాత లవంగం, జాజికాయ ఘాటు మెల్లగా పైకి లేచింది. సాయంత్రం చొక్కా విప్పుతుంటే కాలరు దగ్గర గంధపు చెక్క, వట్టివేళ్లు. ఎండకు ఆరుతున్న పడవ చెక్కను ముక్కుకు ఆనించుకున్నట్టే ఉంది.

వ్యాసకర్త దాన్ని కాగితపు ముక్క మీద చూశానని రాశారు. దయచేసి ఒంటికి రాసుకుని, పొద్దుగూకే దాకా ఆగి, మళ్లీ రాయమనండి.

– ఒక పాఠకుడు, భీమిలి