వేలికొన దూరం

బి.కొత్తకోట చుట్టుపక్కల మా ఈడువాళ్ళం ఈత నేర్చింది సేద్యపు బావుల్లోనే. నడుముకు బెండ్లు కట్టి పెద్దవాళ్ళు నీళ్ళలోకి తోసేవారు. అవతలి గోడను ఎవరు ముందు ముట్టుకున్నారన్న తగాదా ఒడ్డుకొచ్చాక కూడా తెగేది కాదు. బోర్లు వచ్చాక ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి. నేటి పెద్ద పోటీల్లో ఆ తగాదాను గోడకు అమర్చిన టచ్‌ప్యాడ్ తీరుస్తుంది.

2008 ఆగస్టు 16న బీజింగ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల బటర్‌ఫ్లై పోటీ. సగం దూరానికి ఏడో స్థానంలో ఉన్న మైకేల్ ఫెల్ప్స్, సెర్బియాకు చెందిన చావిచ్‌ను సెకనులో నూరోవంతు తేడాతో ఓడించాడు. చావిచ్ చేతులు చాపి గోడవైపు జారుతుండగా ఫెల్ప్స్ ఇంకో అర బార వేశాడు, అంతే. 1984లో మన పి.టి. ఉషకు పరుగులో పతకం చేజారిందీ ఆ నూరోవంతుతోనే. 1972 మ్యూనిక్‌లోనైతే స్వీడన్ ఈతగాడు లార్సన్ సెకనులో వెయ్యింట రెండు వంతులతో గెలిచాడు. తర్వాత అంత సూక్ష్మంగా తేల్చడం మానేశారు. కొలను గోడల కట్టడంలోనే అంతకు మించిన తేడా ఉండవచ్చు మరి! ఇప్పుడు నూరోవంతు వరకు సమానమైతే ఇద్దరికీ బంగారమే. 2016 రియోలో సిమోన్ మాన్యుయెల్, పదహారేళ్ళ పెన్నీ ఒలెక్సియాక్ అలాగే పంచుకున్నారు.

ప్రియులారా, ఇద్దరు పిల్లలు ఒకే పందెం కోసం ప్రార్థన చేయమని వస్తే సేవకుడు ఏమని ప్రార్థించాలి? పరీక్షల ముందు హాల్‌టికెట్లు చేతబట్టుకొని వచ్చే పిల్లల తలలపై చేతులుంచిన ప్రతిసారీ మాకీ ప్రశ్న ఎదురవుతుంది. ఫలితాల తర్వాతి ఆదివారం గెలిచిన బిడ్డ సాక్ష్యం చెబుతుంది, మనం చప్పట్లు కొడతాం. ఒక్క మార్కుతో తప్పిన బిడ్డ ఆ రోజు ఆరాధనకే రాదు. తన ప్రార్థనను దేవుడు తోసిపుచ్చాడనుకుంటుంది. ఆ తలంపు నాటింది లోకం కాదు, మన సాక్ష్యాల వేళే అని ఒప్పుకోవాలి.

పందెంలో బహుమానం ఒక్కడికేనని కొరింథీయులకు వ్రాసిన అపొస్తలుడైన పౌలే, మరణం ముంగిట తిమోతికి వ్రాస్తూ, కిరీటం తనకు మాత్రమే కాదు, ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించేవారందరికీ అన్నాడు. కష్టపడి ఈదవద్దని కాదు. ఫెల్ప్స్ వేసిన ఆ అర బార విలువైనదే. అయితే దేవుని ప్రేమను కొలిచే టచ్‌ప్యాడ్ ఏ గోడకూ లేదు.

ఈసారి ఫలితాలు వచ్చిన వారం, సాక్ష్యాలకు ముందే, రాని బిడ్డ ఇంటికి వెళ్ళాలని మా సంఘ పెద్దలతో కలిసి నిర్ణయించుకున్నాము.