మీ ఆరోగ్యం: పొలుసుల జబ్బు అంటుకోదు



ఆ మధ్య శ్రీరాంపూర్ బొగ్గుగనుల కాలనీలో ఒక సహోదరుని ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. ఆయన మోచేతులమీద, మోకాళ్లమీద ఎర్రని మచ్చలు, వాటిపై తెల్లని పొలుసులు. కుష్ఠేమోనని కొందరు ఆయన పక్కన భోజనానికి కూర్చోరు. ప్రభురాత్రి భోజనానికి కూడా ఆయన ముందుకు రావడం మానుకున్నారు.

డాక్టరు పరీక్షించి అది సోరియాసిస్ అని చెప్పారు. ఇది క్రిములవల్ల వచ్చేది కాదు, ముట్టుకుంటే అంటదు. శరీరంలోని రక్షణశక్తి దారి తప్పి, సుమారు నెల పట్టవలసిన చర్మపు పెరుగుదల కొద్దిరోజుల్లోనే జరిగిపోతుంది. చలి, మనోవేదన, తాగుడు దీన్ని పెంచుతాయి.

"హోమియోతో వేరుతో సహా పోతుందట. ఇంగ్లీషు మందులు మానేయనా అయ్యగారూ?" అని ఆయన అడిగారు.

హోమియో 1796లో జర్మనీలో హానిమన్ మొదలుపెట్టిన వైద్యం. మన పల్లెల్లో దానిపై నమ్మకం ఎక్కువే. అయితే సోరియాసిస్‌ను అది నయం చేస్తుందని గట్టి రుజువు లేదు. ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తగ్గినప్పుడు ఏ మందు వాడుతుంటే ఆ మందుకు పేరొస్తుంది.

స్టెరాయిడ్ బిళ్లలు వాడేవారు హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా ఎర్రబారి, ప్రాణానికే ముప్పు రావచ్చు. మెతోట్రెక్సేట్ బిళ్లలు డాక్టరు రాస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ కాదు. కీళ్లు వాస్తే ఆలస్యం చేయరాదు. జబ్బును అదుపులో ఉంచే మందులున్నాయి.

ఎవరూ దగ్గరకు రానివ్వని కుష్ఠరోగిని మన ప్రభువు తాకారు. అంటని జబ్బుకు మనం జంకుతామా? వచ్చే ఆదివారం ఆ సహోదరుని పక్కనే కూర్చుందాము.